బోదకాలు మాత్ర వెనుక యల్లాప్రగడ

కరీంనగర్: ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు ఇంటింటికీ తిరిగి పంచే బోదకాలు నివారణ మాత్ర ఉమ్మడి కరీంనగర్ జిల్లా వాసులకు కొత్త కాదు. 2004లో దేశవ్యాప్తంగా సామూహిక మందుల పంపిణీ ప్రారంభమైనప్పుడు, ఫైలేరియా పీడిత జిల్లాల జాబితాలో ఉన్న కరీంనగర్‌లోనూ ఈ మాత్రలను పంచారు. దాని పేరు డీఈసీ. పూర్తి పేరు డైఇథైల్ కార్బమజైన్. ఆ మందును వెలుగులోకి తెచ్చిన పరిశోధక బృందానికి సారథ్యం వహించినవారు ఒక తెలుగువాడన్న సంగతి మాత్రం మాత్ర అందుకునేవారిలో చాలామందికి తెలియదు. భీమవరంలో జన్మించి న్యూయార్క్‌లో కన్నుమూసిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావే ఆ శాస్త్రవేత్త. మనిషి నోటికి చేరకముందు ఆ మందు ఒక ఎలుక శరీరంలో నెగ్గింది. సుబ్బారావు జీవితాన్ని పరిశీలిస్తే, ప్రయోగశాల మూషికాలు మానవాళికి చేసిన మేలు ఎంతో, వాటిని నమ్ముకోవడంలో ఉన్న హద్దులు ఏమిటో రెండూ తెలిసివస్తాయి.

మూడో ప్రయత్నంలో మెట్రిక్

సుబ్బారావు 1895 జనవరి 12న జన్మించారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. ఏడుగురు సంతానంలో ఆయన నాలుగోవారు. చిన్ననాట చదువుపై శ్రద్ధ అంతంతమాత్రమే. యాత్రికులకు అరటిపండ్లు అమ్మి డబ్బు గడించాలని ఇల్లు విడిచి కాశీకి బయలుదేరగా, దారిలోనే పట్టి వెనక్కి తెచ్చారని చెబుతారు. తండ్రి మరణంతో కుటుంబం ఆర్థికంగా కుంగిపోయినా వెంకమ్మ పట్టు వీడలేదు. రాజమండ్రిలోనూ, ఆపై మద్రాసులోనూ చదివించారు. మెట్రిక్ పరీక్షలో సుబ్బారావు మూడో ప్రయత్నంలో గట్టెక్కారు.

మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియెట్ చదివే రోజుల్లో రామకృష్ణ మఠం ప్రభావం ఆయనపై బలంగా పడింది. సన్యసించాలని తలపోశారు. తల్లి అంగీకరించలేదు. రోగులకు సేవ చేయడం కూడా ఒక సాధనేనన్న భావనతో మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. గాంధీజీ పిలుపుతో ఖద్దరు ధరించి తరగతులకు హాజరు కావడం ఆంగ్లేయుడైన శస్త్రచికిత్స ఆచార్యుడికి రుచించలేదు. ఫలితంగా చదువు పూర్తయినా ఎంబీబీఎస్ పట్టా దక్కలేదు. అంతకన్నా తక్కువదైన ఎల్ఎంఎస్ పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. మద్రాసులో డాక్టర్ ఆచంట లక్ష్మీపతి నడిపిన ఆయుర్వేద కళాశాలలో అధ్యాపకునిగా కొంతకాలం పనిచేశారు.

ఇంట్లోనే వ్యాధి

ఆ రోజుల్లో ఉష్ణదేశాలను పీడించిన వ్యాధుల్లో స్ప్రూ ఒకటి. తిన్నది ఒంటబట్టదు, విరేచనాలు ఆగవు, రక్తం క్షీణిస్తుంది, మనిషి కళ్లముందే చిక్కి శల్యమవుతాడు. సుబ్బారావు సోదరులు ఇద్దరు స్వల్ప వ్యవధిలో ఈ వ్యాధికే బలయ్యారు. ఆయన సైతం దాని బారిన పడి బయటపడ్డారు. చేతిలో వైద్య పట్టా ఉండి కూడా తోబుట్టువులను కాపాడుకోలేకపోయిన దుఃఖం ఆయనను వైద్యం నుంచి పరిశోధన వైపు మళ్లించింది.

1919లో శేషగిరితో ఆయన వివాహం జరిగింది. మామగారి ఆర్థిక సాయం, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ హామీ తోడుకాగా 1922 అక్టోబరులో అమెరికాలోని బోస్టన్ చేరుకున్నారు. మూడేళ్లలో తిరిగివస్తానని చెప్పి వెళ్లిన భర్తను శేషగిరి మళ్లీ చూడలేదు. ఆయన స్వదేశానికి తిరిగి రానేలేదు.

రాత్రి కొలువు, పగలు చదువు

హార్వర్డ్ ఉష్ణదేశ వైద్య పాఠశాలలో సీటు లభించినా ఉపకార వేతనం లేదు. భారతీయ పట్టాతో అక్కడ వైద్యునిగా పనిచేసే వీలూ లేదు. ఓ ఆస్పత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రపరిచే కొలువు చేసి పొట్ట పోసుకున్నారు. పట్టా పొందిన తరువాత జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్కే వద్ద పరిశోధకునిగా చేరారు.

రక్తంలో, మూత్రంలో భాస్వరం పరిమాణాన్ని కొలిచే పద్ధతిని వీరిద్దరూ 1925లో ప్రకటించారు. ఫిస్కే-సుబ్బారావు పద్ధతిగా అది జీవరసాయన శాస్త్ర గ్రంథాల్లో స్థిరపడింది. 1927లో కండరాల్లోని ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో జీవకణాలకు శక్తినిచ్చే ఏటీపీని వారు వెల్లడించారు. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా అదే కాలంలో స్వతంత్రంగా ఏటీపీని కనుగొన్నారు. 1930లో సుబ్బారావుకు హార్వర్డ్ పీహెచ్‌డీ ప్రదానం చేసింది. అయితే అక్కడ శాశ్వత పదవి మాత్రం దక్కలేదు.

ఎలుక తూకమే కొలమానం

తోబుట్టువులను బలిగొన్న వ్యాధి రహస్యం కాలేయ సారంలో ఉన్నదన్న నమ్మకంతో ఆయన దాని నుంచి ఒక్కొక్క పదార్థాన్నీ వేరు చేయసాగారు. వేరుచేసిన పదార్థం పోషకమా కాదా అని తేల్చడానికి ఆనాడు నమ్మదగిన సాధనం తెల్ల ఎలుక. ఒకే ఈనికలో పుట్టిన పిల్లలను రెండు జట్లుగా విడదీస్తారు. రెండింటికీ ఒకే మేత. ఒక జట్టు మేతలో మాత్రం ఒక్క పదార్థం లేకుండా చేస్తారు. క్రమం తప్పక తూకం వేస్తారు. ఎదుగుదల ఆగిన జట్టుకు ఆ పదార్థాన్ని తిరిగి ఇచ్చినప్పుడు బరువు పెరిగితే, అది ప్రాణానికి అవసరమైన విటమిన్ అని రుజువైనట్లే. ఎలుక మనిషిలాగే గింజలు, పప్పులు, పాలు అన్నీ తింటుంది. ఏడాది తిరగకుండానే ఎదిగి పిల్లల్ని కంటుంది. మనిషిపై దశాబ్దాలు పట్టే పరిశీలన దానిపై నెలల్లో పూర్తవుతుంది.

ఈ పద్ధతిలోనే సుబ్బారావు, జార్జ్ హిచింగ్స్‌తో కలిసి పాంటోథెనిక్ ఆమ్లం ఎలుకల పోషణకు అవసరమని 1939లో ప్రకటించారు. బి వర్గానికి చెందిన విటమిన్ అది. హిచింగ్స్ తదనంతర కాలంలో, 1988లో, నోబెల్ బహుమతి అందుకున్నారు. అదే బి వర్గంలోని మరో విటమిన్, నికోటినిక్ ఆమ్లం, పెల్లాగ్రా వ్యాధికి మందు. మొక్కజొన్న తినే దేశాల జబ్బుగా పేరుపడిన పెల్లాగ్రా జొన్నరొట్టె, జొన్న గటక తినే తెలంగాణ పేదల్లోనూ ఉందని హైదరాబాద్ పోషకాహార శాస్త్రవేత్తలు గోపాలన్, శ్రీకాంతయ్య 1960లో వెల్లడించారు. జొన్నపైనే బతికిన ఆదిలాబాద్ వంటి ప్రాంతాలకు ఈ పరిశోధనలు ఎంత దగ్గరివో దీన్నిబట్టి గ్రహించవచ్చు.

పరీక్షించని మందుకు మూల్యం

సుబ్బారావు హార్వర్డ్‌లో ఉండగానే, 1937లో, అమెరికాను ఒక విషాదం కుదిపివేసింది. సల్ఫనిలమైడ్ అనే మందును తాగడానికి వీలుగా ఒక కంపెనీ తీయని ద్రవంలో కలిపి అమ్మింది. ఆ ద్రవం డైఇథిలీన్ గ్లైకాల్. మూత్రపిండాలను దెబ్బతీసే విషం. రుచి, రంగు, వాసన చూశారే తప్ప ఏ జంతువుపైనా పరీక్షించలేదు. వందమందికి పైగా మృత్యువాత పడ్డారు. వారిలో పసిపిల్లలు ఎందరో ఉన్నారు. కొన్ని ఎలుకలకు ముందుగా పట్టించి ఉంటే ఆ మందు బజారుకు వచ్చేదే కాదు. మరుసటి ఏడాది, 1938లో, అమెరికా ప్రభుత్వం కొత్త చట్టం చేసింది. మందు సురక్షితమని రుజువు చూపనిదే అమ్మరాదని శాసించింది.

1940లో సుబ్బారావు హార్వర్డ్ విడిచి, న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ప్రయోగశాలలో చేరారు. రెండేళ్లలో పరిశోధన విభాగానికి సంచాలకులయ్యారు. కొత్త మందులన్నీ జంతు పరీక్షల గడప దాటాకే రోగికి చేరవలసిన కాలం అప్పటికే మొదలైంది. ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూ రోగుల్లో రక్తహీనతను అది నయం చేసింది. సోదరులు పోయిన రెండు దశాబ్దాల అనంతరం వారి వ్యాధికి మందు దొరికింది. నేడు గర్భిణులకు ఇనుముతో కలిపి ఆరోగ్య కేంద్రాల్లో ఇచ్చే మాత్రలో ఉన్నది ఈ ఫోలిక్ ఆమ్లమే.

పత్తి ఎలుకలో దొరికిన జవాబు

రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులకు వెళ్లిన అమెరికా సైనికులు వేల సంఖ్యలో ఫైలేరియా బారిన పడ్డారు. అప్పటికి సురక్షితమైన మందు లేదు. ఫైలేరియా పురుగులు మనిషి శోషరస నాళాల్లో ఏళ్ల తరబడి కాపురం ఉంటాయి. వాటి పిల్లలు రాత్రివేళ రక్తంలోకి వస్తాయి. దోమ కుట్టినప్పుడు దానితో పాటు వెళ్లి మరొకరికి సోకుతాయి. జిల్లాలో ఆరోగ్య సిబ్బంది రాత్రిపూట రక్త నమూనాలు సేకరించడానికి కారణం ఇదే. నాళాలు దెబ్బతిన్నాక కాలు వాచి బోదకాలు అవుతుంది.

మనిషికి సోకే ఈ పురుగును ప్రయోగశాలలోని మామూలు ఎలుకల్లో పెంచడం సాధ్యం కాలేదు. అప్పుడు శాస్త్రవేత్తల దృష్టి అమెరికాకు చెందిన పత్తి ఎలుకపై పడింది. మన పత్తి చేలల్లో కనిపించే ఎలుకలు, పందికొక్కులు వేరు, ఇది వేరు. ఆ ఎలుకకు సహజంగానే దాని జాతికి చెందిన ఫైలేరియా సోకుతుంది. దోమకు బదులు పిడుదు వంటి చిన్న పురుగు దాన్ని మోస్తుంది. ఈ ఎలుక రక్తంలో కదలాడే పురుగు పిల్లలపై లెడర్లీ బృందం వరుసగా రసాయనాలను పరీక్షించింది. హ్యూయిట్, కుష్నర్ తదితరులతో కలిసి సుబ్బారావు 1947లో ఫలితాలు ప్రకటించారు. పత్తి ఎలుకల్లోనూ, కుక్కల్లోనూ రక్తంలోని పురుగు పిల్లలను తుడిచిపెట్టిన ఆ రసాయనమే హెట్రజాన్ పేరుతో వచ్చిన డీఈసీ. అదే ఏడాది ప్యూర్టోరికోలో రోగులకు ఇచ్చి చూడగా ఫలించింది.

ఇందులో గమనించదగిన విశేషం మరొకటి ఉంది. గాజు పాత్రలో పురుగు పిల్లలపై ఈ మందు పోస్తే అవి చావవు. లండన్‌లో ఫ్రాంక్ హాకింగ్ బృందం 1948లో ఈ చిక్కును వివరించింది. మందు ప్రభావంతో పత్తి ఎలుక కాలేయంలోని రక్షక కణాలు ఆ పురుగు పిల్లలను పట్టి మింగివేస్తున్నాయి. అంటే మందు ఒంటరిగా పనిచేయదు. శరీరం తోడు కావాలి. కేవలం గాజు గొట్టాల్లోనే వెతికి ఉంటే ఈ రసాయనాన్ని పనికిరానిదని పారవేసేవారే. బతికిన దేహంలో చూశారు గనుకనే అది మందుగా నిలిచింది.

ఎలుక చెప్పలేనిది

ఎలుక చెప్పిందంతా మనిషికి వర్తించదన్న పాఠం కూడా సుబ్బారావు పరిశోధనల్లోనే ఉంది. ఫోలిక్ ఆమ్ల వర్గపు పదార్థం ఎలుకల్లో రొమ్ము కణుతులను కరిగించిందని 1945లో న్యూయార్క్ వైద్యులు ప్రకటించారు. ఆ ఆశతో బోస్టన్‌లో పిల్లల వైద్యుడు సిడ్నీ ఫార్బర్ లెడర్లీ పంపిన ఇటువంటి పదార్థాలను రక్త క్యాన్సర్ సోకిన పిల్లలకు ఇచ్చారు. వ్యాధి తగ్గడానికి బదులు వేగం పుంజుకుంది. ఎలుకలో మేలు చేసినది పిల్లల్లో కీడు చేసింది.

ఆ వైఫల్యమే దారి చూపింది. ఫోలిక్ ఆమ్లం క్యాన్సర్‌కు మేత అయితే, దానికి పోటీ వచ్చి అడ్డుపడే రసాయనం మందు కావాలి. సుబ్బారావు బృందం అటువంటి అమైనోప్టెరిన్‌ను తయారుచేసింది. ఎలుకలపై దాని విషప్రభావాన్ని లెడర్లీ శాస్త్రవేత్తలు పరిశీలించారు. ఫార్బర్ 1948లో ప్రకటించిన ఫలితాల్లో 16 మంది పిల్లలకుగాను 10 మందిలో వ్యాధి తాత్కాలికంగా నెమ్మదించింది. క్యాన్సర్‌కు రసాయన చికిత్సలో అది తొలి అడుగుల్లో ఒకటి. దాని తోబుట్టువైన మెథోట్రెక్సేట్‌ను నేటికీ క్యాన్సర్‌కూ, కీళ్లవాతానికీ వాడుతున్నారు.

ఏ గౌరవమూ కోరకుండానే

లెడర్లీలోనే బెంజమిన్ డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి కనుగొన్న ఆరియోమైసిన్‌ను 1948లో లోకానికి వెల్లడించారు. టెట్రాసైక్లిన్ వర్గంలో అది మొదటిది. ఆ అన్వేషణకు సారథి సుబ్బారావు. అయినా సభల్లో వెనుక వరుసలోనే ఉండి సహచరులను ముందుకు నెట్టడం ఆయన స్వభావం. పేటెంట్లపై, ప్రచారంపై మోజు పడలేదు. 1948 ఆగస్టులో నిద్రలోనే గుండె ఆగి మరణించారు. అప్పటికి ఆయన వయసు 53 ఏళ్లు. ఒక శిలీంధ్ర ప్రజాతికి సుబ్బరోమైసిస్ అని ఆయన పేరు పెట్టారు. శతజయంతి సందర్భంగా 1995లో భారత ప్రభుత్వం తపాలా బిళ్ల విడుదల చేసింది.

హైదరాబాద్‌లో ఎలుకల వంశం

సుబ్బారావు నడిచిన దారికి సమాంతరంగా మన దేశంలోనూ ఒక దారి పడింది. కూనూరులో 1918లో రాబర్ట్ మెక్‌కారిసన్ ప్రారంభించిన చిన్న పరిశోధనాలయం 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థగా పేరు మార్చుకుంది. మెక్‌కారిసన్ దేశంలోని వేర్వేరు ప్రాంతాల ప్రజల ఆహారాన్ని ఎలుకలకు పెట్టి, ఎదుగుదలలో తేడాలు చూపారు. కూనూరు నాటి ఎలుకల వంశాన్ని తార్నాకలోనూ కొనసాగించారు. ఆహారంలో కలిసే రంగులు, పురుగుమందుల అవశేషాలు, బూజు విషాలు ఎంత మేరకు హానికరమో తేల్చడానికి నేటికీ ప్రపంచమంతటా ఎలుకల పరీక్షలపైనే ప్రధానంగా ఆధారపడుతున్నారు. ఎలుకకు ఏ హానీ కలగని మోతాదును గుర్తించి, సాధారణంగా దానిని నూరుతో భాగించి మనిషికి రోజువారీ పరిమితిని నిర్ణయిస్తారు. ఎలుక మనిషి కాదన్న జాగ్రత్త ఆ నూరులోనే ఇమిడి ఉంది.

ఈ ప్రాణులకు కలిగే బాధ కూడా చిన్నది కాదు. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం మన దేశంలో ఇటువంటి ప్రయోగాలపై పర్యవేక్షణ సంఘం ఉంది. ప్రతి సంస్థలోనూ నైతిక కమిటీ అనుమతి తప్పనిసరి. వీలైన చోట జంతువుకు బదులు వేరే మార్గం, లేనిచోట తక్కువ సంఖ్యలో జంతువులు, తక్కువ బాధ అన్నవి అంగీకృత సూత్రాలు. 2023లో కేంద్ర ప్రభుత్వం ఔషధ పరీక్షల నిబంధనలను సవరించి, జంతువులతో నిమిత్తం లేని పద్ధతులకూ చోటు కల్పించింది.

మింగితేనే ఫలితం

బోదకాలు నిర్మూలనకు వ్యాధి పీడిత ప్రాంతాల మొత్తం జనాభాలో కనీసం 65 శాతం మంది ఏటా మాత్రలు వేసుకోవాలనీ, అది కనీసం ఐదు విడతలు సాగాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్దేశించింది. పెద్ద పురుగులు ఏళ్ల తరబడి బతికి పిల్లల్ని పెడుతూనే ఉంటాయి గనుక ఒక్క ఏడాది మందుతో పని పూర్తి కాదు. రెండేళ్లలోపు పిల్లలు, గర్భిణులు, తీవ్ర రోగపీడితులు తప్ప మిగిలినవారు వయసును బట్టి సిబ్బంది ఎదుటే వేసుకోవాలి. డీఈసీతో పాటు ఆల్బెండజోల్ మాత్ర కూడా ఇస్తారు.

అయితే మాత్ర తీసుకుని గూట్లో పెట్టేవారు, జబ్బు లేని తమకు మందెందుకని పక్కన పడేసేవారు ఎందరో. వేసుకున్నాక కొందరికి జ్వరం, తలనొప్పి, ఒళ్లు నొప్పులు వస్తాయి. రక్తంలోని పురుగు పిల్లలు చచ్చిపోవడం వల్ల వచ్చే లక్షణాలు అవి. సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతాయి. పత్తి ఎలుక కాలేయంలో జరిగినదే మనిషి దేహంలోనూ జరుగుతోందనడానికి అదొక గుర్తు. బాధ ఎక్కువైతే ఆరోగ్య కేంద్రంలో చూపించుకోవాలి.

కాలు వాచాక ఈ మాత్ర దాన్ని వెనక్కి తీసుకురాలేదు. వాపు రాకముందే, ఏ లక్షణమూ కనబడని దశలోనే రక్తంలోని పురుగు పిల్లలను తొలగించి, దోమ ద్వారా మరొకరికి పాకకుండా ఆపడం దీని పని. తోబుట్టువులను వ్యాధికి పోగొట్టుకున్న ఒక తెలుగు వైద్యుడు, పేరు లేని వేల ఎలుకలు కలిసి ఈ మందును గ్రామాల గడప దాకా తెచ్చారు. ఆ గడప దాటి మాత్ర గొంతులోకి వెళ్లడం ఒక్కటే మిగిలింది. ఆ పని ఏ శాస్త్రవేత్తా చేయలేడు, ఇంటివారే చేయాలి.